పూతల కింది చేతులు

పేజీ 391. తేమ నలభై ఒకటి. బీటలు లేవు.

ఇది గోడల పుస్తకం. భూమికి దూరంగా, ఈ ఎర్ర గ్రహం కింద ఉన్న మా ఎర్రమెట్ట సొరంగంలో గాలి బయటికి పోకుండా నలభై ఒక్క ఏళ్ళు గోడలకు పూత పూసినవాణ్ణి నేను, ఇజ్జాడ సూరీడు మేస్త్రిని. ఏ రోజు ఏ గోడ పూశానో, గాలిలో తేమ ఎంతో, బీటలు ఉన్నాయో లేవో అన్నీ ఇందులోనే రాశాను. పూత యంత్రం వచ్చాక పద్దెనిమిదేళ్ళుగా పుస్తకం పెట్టెలో పడి ఉంది. ఇంకా పది పేజీలు ఖాళీ. వాటిని ఏం చేసుకోవాలో ఇన్నాళ్ళూ తెలియలేదు, ఇవాళ తెలిసింది.

మా కస్తూరికి క్లాసు ఇచ్చారు!

బొమ్మల చరిత్ర క్లాసు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఇరవై ముగ్గురు. వారానికి ఒక పూట. మనుషులు మొట్టమొదట బొమ్మ ఎప్పుడు గీశారు, ఎందుకు గీశారు, ఏ రంగు ఎక్కడ తవ్వుకున్నారు, అవన్నీ చెబుతుందట. నేను ఐదో తరగతి దగ్గర ఆగినవాణ్ణి. నా కూతురు చెప్పబోయే పాఠం పేరు పలకడానికే నాకు గుండె నిండిపోతోంది. పొద్దుటి నుంచి నీళ్ళ వరుసలో, కోళ్ళ గదిలో, గాలి తలుపు దగ్గర కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పానట.

"ఉద్యోగం అమ్మికి వొచ్చినాదా నీకొచ్చినాదా?" అంది మా ఇంటిది పారమ్మ. "అలగ ఎగిరితే కప్పు తగుల్తాది. ఇక్కడ బరువు తక్కువని తెల్దేటి?"

పంచాయితీ ఒక షరతు పెట్టింది. పది వారాలు చూస్తారు. చివరి వారం అధ్యక్షురాలు మజ్జి దమయంతి స్వయంగా వచ్చి కూర్చుంటుంది. పిల్లలకు ఇందువల్ల ఏదైనా వచ్చిందనిపిస్తే క్లాసు ఉంటుంది. లేకపోతే ఆ పూట వాల్వుల శిక్షణకు వెళ్ళిపోతుంది. దమయంతమ్మ చెడ్డ మనిషి కాదు. ఇక్కడ ఊపిరంతా వాల్వుల మీదే నడుస్తుంది, ఆ మాట నిజమే. కానీ మా కస్తూరి ఈ క్లాసు కోసం ఆరేళ్ళు అర్జీలు పెట్టింది. ఇది పోతే మళ్ళీ ఇవ్వరు.

పోదు. మా అమ్మాయి సంగతి నాకు తెలుసు.

పేజీ 392. తేమ నలభై. బీటలు లేవు.

మొదటి పాఠం అయింది. సాయంగా నన్ను కూడా వెనక బల్ల మీద కూర్చోనిచ్చారు.

నిజం రాయాలి, గోడల పుస్తకంలో అబద్ధం రాయకూడదు. పాఠం నడవలేదు.

పిల్లలందరి ముఖాన కంటద్దాలు ఉంటాయి. భూమి మీద ఉన్న ఏ బొమ్మైనా పేరు చెబితే చాలు, కళ్ళ ముందుకి వచ్చేస్తుంది. కస్తూరి లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు చూడమంది. ఒక నిమిషం అయిందో లేదో, గౌరీశు అనే పదమూడేళ్ళ గుంటడు చెయ్యెత్తాడు.

"సూసేసినాం టీచర్. తరవాతేటి?"

"ఏం చూశావురా?"

"బొమ్మలు."

"ఏం బొమ్మలు?"

"పాత బొమ్మలు టీచర్."

అందరూ నవ్వారు. గంటలో నలభై బొమ్మలు చూసేశారు, ఒక్కటీ చూడలేదు. ఒక్క నీలవేణి మాత్రం, పన్నెండేళ్ళు ఉంటాయేమో, మాటామంతీ లేని పిల్ల, మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ఏం చూస్తున్నావని అడిగితే తల దించుకుంది.

సాయంత్రం కస్తూరి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి నాన్నా. అందుకే ఏదీ కనపడట్లేదు వాళ్ళకి."

నాకు చరిత్ర తెలియదు. పూత తెలుసు. అదే చెప్పాను. "నాను పని నేర్సుకున్నప్పుడు మా మేస్త్రి మొదటి నెల రోజులు తాపీ సేతికివ్వలేదమ్మా. కళ్ళు మూయించి గోడ తడిమించింది. తడిమినోడికే కనిపిత్తాది, అనేది."

కస్తూరి చెయ్యి కడుక్కోకుండానే లేచి కాగితాలు తెచ్చుకుంది.

పేజీ 393. తేమ నలభై మూడు. బీటలు లేవు.

ఆహా! ఇవాళ్టి పాఠం ఎంత రాసినా తనివి తీరదు.

కంటద్దాలన్నీ తీయించి బుట్టలో వేయించింది. పిల్లల్ని భోజనాల గదికి తీసుకెళ్ళింది. బల్లల అడుగున ముందే కాగితాలు అంటించి ఉంచాం, తనూ నేనూ కలిసి. ఒక్కొక్కరికి ఒక బొగ్గుముక్క ఇచ్చింది.

"అందరూ బల్ల కింద వెల్లకిలా పడుకోండి. పైన ఒక ఎద్దును గీయండి. బయటికి రాకూడదు, చెయ్యి దించకూడదు."

ఐదు నిమిషాలకు మొదలైంది గోల. మెడ పీకుతోందని ఒకడు, కంట్లో బొగ్గు పడిందని ఒకతె, చెయ్యి నాది కాదని గౌరీశు. ఎద్దులన్నీ కోళ్ళలా వచ్చాయి. అప్పుడు కస్తూరి నెమ్మదిగా చెప్పింది. భూమి మీద లేపాక్షి అనే ఊళ్ళో వందల ఏళ్ళ కిందట మనుషులు ఇలాగే కప్పు కింద పని చేశారని, రోజులు, నెలలు చేశారని, రంగు జారి ముఖాన పడినా తుడుచుకుని గీశారని.

"ఇప్పుడు అద్దాలు పెట్టుకోండి. ఆ కప్పు మళ్ళీ చూడండి. మూడు నిమిషాలు ఎవరూ నోరు మెదపకూడదు."

ఇరవై ముగ్గురు పిల్లలు మూడు నిమిషాలు మాట్లాడలేదు. ఎర్రమెట్టలో ఇంత నిశ్శబ్దం నేను కరెంటు పోయినప్పుడు కూడా వినలేదు.

చివరికి గౌరీశు అన్నాడు, "టీచర్, ఆ సీరల అంచులన్నీ వొంకర లేకుండా ఎలగ గీసినార్రా బాబూ!"

టీచర్ని రా బాబూ అన్నందుకు వాడు నాలుక కరుచుకున్నాడు. కస్తూరి మాత్రం మురిసిపోయింది.

పేజీ 394. తేమ నలభై రెండు. బీటలు లేవు.

మూడు, నాలుగు పాఠాలు కలిపి రాస్తున్నాను. ఈ వారాల్లో నాకు తీరిక లేదు, నేనూ చదువుకుంటున్నాను కదా.

చేర్యాల అనే ఊళ్ళో పొడుగాటి బట్ట మీద వెనకంతా ఎర్రరంగు వేసి కథంతా వరసగా బొమ్మలు వేసేవారట. కథ చెప్పేవాడు ఆ బట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ పాడేవాడట. మా పిల్లలు పాత దుప్పట్లు నాలుగు కుట్టి, కిందటేడు నీళ్ళ గొట్టం పగిలినప్పుడు రెండు వీధులవాళ్ళు బిందెలతో కొట్టుకున్న కథ వేశారు. భోజనాల గదిలో విప్పి పాడారు. బిందె పట్టుకున్న పెద్దావిడ బొమ్మ మా పారమ్మదే. ముక్కు చూసి అందరూ పోల్చుకున్నారు.

"నా ముక్కు అంత ఉన్నాదేటి?" అని రెండు రోజులు అన్నం దగ్గర నన్నే అడిగింది, గీసింది నేనైనట్టు.

పూతపని గురించి కూడా పిల్లలకు ఒక పూట చెప్పమంది కస్తూరి. నేను! పాఠం! తాపీ పట్టుకోవడం చూపించాను. పచ్చిపూత ఉన్నంతసేపు తాపీ నేల మీద పెట్టకూడదని చెప్పాను. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా గోడకు గీత పడుతుంది. చేతిలోనైనా ఉండాలి, పక్కవాడి చేతికైనా ఇవ్వాలి. నీలవేణి అదంతా రాసుకుంది. ఎడమచేత్తో రాసుకుంది. పుర్రచేతివాటం పిల్ల.

పేజీ 395. తేమ నలభై. బీటలు లేవు. కానీ ఉన్నాయన్నారు.

ఇవాళ జరిగినదానికి తప్పు నాది. మొదటి మాటగా అదే రాస్తున్నాను.

పాఠం గుహల గురించి. వేల వేల ఏళ్ళ కిందట మనుషులు గుహ గోడకు అరచెయ్యి ఆనించి, చుట్టూ జేగురు, అంటే ఎర్రమట్టి రంగు, చిమ్మి, చెయ్యి తీసేసేవారు. చెయ్యి ఆకారం ఖాళీగా మిగిలిపోయేది. పేరు లేదు, ఊరు లేదు, చెయ్యి ఉంది. కస్తూరి ఆ మాట చెబుతుంటే నా ఒళ్ళు జల్లుమంది. జేగురుకు మనకేం కరువు? తలుపు తీస్తే కనుచూపుమేరా అదే. ఏడు నీళ్ళు కడిగి విషం పోగొట్టిన దుమ్ము నేనే తెచ్చాను. నోటితో ఊదకుండా గాలిబుడ్డీలు కూడా ఇచ్చాను.

కాగితం మీద కాదు, గోడ మీద చేద్దాం అన్నారు పిల్లలు.

ఎర్రమెట్టలో గోడ మీద గీత గీయడం నేరం. ప్రతి గదిలోనూ బీటల కన్ను ఉంటుంది, గోడ మీద నల్లగానో ఎర్రగానో సన్నటి గీత కనిపిస్తే బీట అనుకుని తలుపులు మూసేస్తుంది. అందుకే ఇక్కడ ఏ గోడ మీదా బొమ్మ లేదు, అన్నీ బూడిదరంగే. కానీ ఎనిమిదో దారిలో పాత సామాన్ల గదిలో కన్ను పాడైపోయిందని నాకు తెలుసు. "ఆ గదిలో ఏటీ కాదమ్మా, నాది పూచీ" అన్నాను.

పిల్లలు కుడిచేత్తో బుడ్డీ నొక్కారు, ఎడమచెయ్యి గోడకు ఆనించారు. ఇరవై రెండు ఎడమచేతులు. నీలవేణిది ఒక్కటే కుడిచెయ్యి. "గుహల్లో కూడా ఎక్కువ ఎడమచేతులే" అంది కస్తూరి. "ఎందుకో ఇప్పుడు మీకు ఒకరు చెప్పక్కర్లేదు." ఆ ఎర్రటి చేతుల వరస చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే గంట మోగింది.

ఆ గదిలో కన్ను పదకొండేళ్ళ కిందటే మార్చారట. నాకెవరు చెప్పారు?

ఎనిమిదో దారి తలుపులన్నీ మూసుకుపోయాయి. నాలుగు గంటలు తెరుచుకోలేదు. ఎనభై మంది ఎక్కడివాళ్ళు అక్కడే. కోళ్ళ గది తనిఖీకి వచ్చిన దమయంతమ్మ మూడువందల కోళ్ళతో ఉండిపోయింది.

బయటికి వచ్చినప్పుడు ఆమె జుట్టులో ఈక ఉంది. తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పేజీ 396. తేమ నలభై ఒకటి. బీటలు లేవు.

పంచాయితీ పిలిచింది. నేనూ కస్తూరీ నిలబడ్డాం.

"తప్పు నాదమ్మా" అన్నాను. "పిల్లలది కాదు, టీచరుది కాదు."

"సూరీడన్నా, నలభై ఏళ్ళు గోడలు పూసిన మనిషివి" అంది దమయంతమ్మ. కోపంగా కాదు, అదే నాకు ఎక్కువ బాధ. "మూడో దారి కూలినప్పుడు మా అమ్మ అందులో ఉంది. నాకు ఆరేళ్ళు. కరెంటు పోయి యంత్రాల్లో దాచిన పాత ఫొటోలన్నీ చెరిగిపోయినప్పుడు ఆమె ఫొటో కూడా పోయింది. గోడ మీద గీతంటే నాకు ఆట కాదు."

తర్వాత ఆమె కస్తూరి వైపు తిరిగింది.

"కస్తూరమ్మా, బొమ్మలు చెడ్డవని నేననడం లేదు. పిల్లలకి ఏం వస్తోందో చెప్పు."

"చూడ్డం వస్తోందండి."

"అందరికీ కళ్ళున్నాయి కదా."

తీర్పు ఇది. పది వారాలు లేవు. పదిహేను రోజులు. పదిహేనో రోజు ఆమె వస్తుంది. ఈలోగా పిల్లలూ నేనూ కలిసి ఆ గోడను గీకి శుభ్రం చేయాలి. జేగురు పూతలోకి ఇంకిపోయింది కాబట్టి ఎంత లోతు అవసరమైతే అంత లోతు గీకాలి. అది లోపలి గోడ, వెనక రాయి ఉంది, భయం లేదు. గదిలో బీటల కన్నుకు మాత్రం ముసుగు వేయిస్తానంది.

దారిలో కస్తూరి అంది, "పోయింది నాన్నా."

"ఎక్కడికి పోతాది? గీకుదాం పద."

ఊరికే అనలేదు ఆ మాట. గీకడం అన్నప్పుడే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది.

పేజీ 397. తేమ ముప్పై తొమ్మిది. బీటలు లేవు.

మూడు రోజులుగా గీకుతున్నాం. ఏటా ఒక పూత కాబట్టి మొత్తం యాభై తొమ్మిది పూతలు, జానెడు మందం. పైన పద్దెనిమిది యంత్రం వేసినవి. అన్నీ ఒకే మందం, అద్దంలా నున్నగా ఉన్నాయి.

"ఇయ్యన్నీ ఒకేలాగున్నాయి, బోరు" అన్నాడు గౌరీశు.

పందొమ్మిదో పొర దగ్గర నీలవేణి గీకడం ఆపేసింది.

"టీచర్, ఇక్కడ గుంట ఉన్నాది. కాదు. వేళ్ళున్నాయి."

ఇక రాస్తాను. ఇది రహస్యం కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి మేం చెప్పలేదు. పూత రెండు చేతులుగా, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల్లో, వేస్తాం. మొదటి చెయ్యి ఆరుతుండగా మేస్త్రి కుడిచేతిలో తాపీ పట్టుకుని, ఎడమ అరచెయ్యి గోడకు గట్టిగా ఆనిస్తాడు, భుజం ఎత్తున, తలుపు పక్కన. లోపల గాలి చిక్కుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది, బాగుంటే చల్లగా ఉంటుంది. బాగుందనుకున్నాక పైచెయ్యి వేసి ఆ అచ్చు మూసేస్తాం. యంత్రానికి అరచెయ్యి లేదు. అందుకే దాని పూతల్లో చేతులు లేవు.

నేను నోరు తెరిచి ఇదంతా చెప్పబోయాను. కస్తూరి నా జబ్బ పట్టుకుని పక్కకి లాగింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"నాన్నా, నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"చెప్పొద్దు. ఒక్క ముక్క చెప్పొద్దు. నువ్వు చెబితే వింటారు. చెప్పకపోతే చూస్తారు."

నాకు! చెప్పకుండా ఉండమనడం! పారమ్మ దగ్గర సొంఠిముక్క తెచ్చుకుని నోట్లో పెట్టుకున్నాను. అది ఉన్నంతసేపు మాట రాదు.

కస్తూరి పిల్లలతో ఇక గోడంతా ఒకేసారి గీకించడం మానిపించింది. మెట్లు మెట్లుగా గీకిస్తోంది, ఒక్కో పొర రెండు జానల వెడల్పు కనపడేలా. గోడ ఇప్పుడు విప్పుతున్న పుస్తకంలా ఉంది.

పేజీ 398. తేమ నలభై. బీటలు లేవు.

సొంఠి అయిపోయింది, మళ్ళీ తెచ్చుకున్నాను.

ఎంత చూస్తున్నారో ఈ పిల్లలు! ఒక పొర పలచగా ఉందంటే ఆ ఏడు సరుకు తక్కువై ఉంటుందన్నారు. పాత రికార్డు తెచ్చి చూస్తే నిజమే, ఆ ఏడు జిప్సం గని మూతపడింది. ఒక పొరలో దువ్వెన గీతలున్నాయంటే పూత నునుపు చేసే చెక్క అరిగిపోయి ఉంటుందన్నారు. నిజమే, నాకు కొత్త చెక్క ఇవ్వలేదు ఆ ఏడు. ఇప్పటికీ నాకు మంటే.

"ఈ సేతులన్నీ ఒక్కరివే" అన్నాడు గౌరీశు. "సిటికిన వేలు వొంకర. ముప్పై ఆరు పొరల్లోనూ వొంకరే."

తర్వాత వాడు గోడను చూడ్డం ఆపి గదిలో ఉన్నవాళ్ళ చేతులు చూడ్డం మొదలుపెట్టాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తాతా, సెయ్యి సూపించు."

చూపించాను. ఇరవై ముగ్గురు నా మీద పడ్డారు. నా చిటికెన వేలిని ఒక్కొక్కరు పట్టుకుని చూశారు. ముప్పై ఆరేళ్ళు పూసి మూసేసిన చేతులు! ఎవరూ చూడరనే వేసినవి. ఇలాంటి రోజు ఒకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు, సంతోషం పట్టలేక ఆ సొంఠితో పాటు నాలుక కూడా మింగేసేవాణ్ణే.

ఇవాళ ఇంకా లోతుకు వెళ్ళారు. రాయి వైపు నుంచి లెక్కపెడితే అయిదో పూతలో చెయ్యి మారింది. కుడిచెయ్యి. నాలుగో దాంట్లోనూ కుడిచెయ్యే.

నీలవేణి తన కుడిచెయ్యి పైకెత్తి, కిందటి పాఠంలో చేసినట్టే పెట్టి చూసింది. "ఈ మేస్త్రి నాలాగే. తాపీ ఎడంసేత్తో పట్టుకున్నారు."

మూడో పూత తెరిచారు. అక్కడ రెండు చేతులు. పెద్దది కుడిచెయ్యి. దాని ఎడమపక్కన బొటనవేలంత వేళ్ళతో ఒక చిన్న చెయ్యి.

నాకు తెలుసు ఆ చేతులు ఎవరివో. ఇక్కడ రాయను. కస్తూరి ఈ పుస్తకం తీసి చదువుతోందని నాకు అనుమానం. రేపే దమయంతమ్మ వచ్చేది.

పేజీ 399. తేమ నలభై రెండు. బీటలు లేవు.

వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం చూడాలి?"

నీలవేణి ముందుకొచ్చింది. మాట్లాడని పిల్ల! "మూడు నిమిసాలు మాటాడకుండా సూడండి మేడంగారు. తరవాత మీకేటి కనపడ్డాదో సెప్పండి."

దమయంతమ్మ కస్తూరి వైపు చూసింది. కస్తూరి గోడ వైపు చెయ్యి చూపింది. దమయంతమ్మ అటు తిరిగింది. నేను నా చేతి గడియారం చూస్తూనే ఉన్నాను, మూడు నిమిషాలు కాదు, ఆరు అయ్యాయి.

"ఒక చిన్న చెయ్యి ఉంది" అంది చివరికి. "నేల మీద నిలబడ్డ పిల్లకి అంత ఎత్తు అందదు."

"అవునండి!" గౌరీశు ఎగిరాడు. "ఎత్తుకున్నారు. నాను తవుడు మూట ఎత్తుకొని సూసినాను. పెద్ద సెయ్యికి ఎడంపక్కనుంది కాబట్టి ఎడంసంకన ఎత్తుకున్నారు."

"అయిదు పూతలు ఈ మేస్త్రివే అయ్యుండాలి, మొదటి రెండూ ఇంకా తెరవలేదు" అంది నీలవేణి. "పుర్రసేతివాటం. మామూలుగా ఎడంసేతిలో తాపీ ఉంటాది. కాని ఈ రోజు ఎడంసేతిలో పిల్ల ఉన్నాది. కుడిసెయ్యి గోడ మీదున్నాది. పచ్చిపూత ఉన్నప్పుడు తాపీ కింద పెట్టరు, తాత సెప్పినాడు. అంటే తాపీ ఇంకొకరు పట్టుకున్నారు. గోడ మీద ఇద్దరే ఉన్నారు. కాని ఆ రోజు ఇక్కడ ముగ్గురున్నారు."

నేను ఈ మాట అనుకోలేదు. నిజంగా అనుకోలేదు. యాభై ఏడేళ్ళ కిందటి పూత, గీకి చూసిన పన్నెండేళ్ళ పిల్ల, గోడ మీద లేని మనిషిని చూసేసింది!

దమయంతమ్మ గోడ దగ్గరకు వెళ్ళింది. "మూడో పూత మేస్త్రి ఎవరు?" అని అడగబోయి ఆగింది. ఆమే చెప్పుకుంది. "మా అమ్మ ఎడంచేత్తో అన్నం తినేదని మా పిన్ని తిట్టేది."

తవిటమ్మ మేస్త్రి. నాకు తాపీ ఇచ్చిన మనిషి. కళ్ళు మూసుకుని గోడ తడమమన్న మనిషి. దమయంతమ్మ తన కుడిచెయ్యి తీసి తల్లి చేతి మీద పెట్టింది. తల్లి చెయ్యే కాస్త పెద్దది. చిన్న చేతిని ముట్టుకోలేదు, అలా చూస్తూ ఉండిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, తన మూడేళ్ళ చెయ్యిని.

గదిలో ఎవరూ ముక్కు కూడా చీదలేదు. గౌరీశు కూడా.

అప్పుడు నీలవేణి నా వైపు తిరిగింది.

"తాతా, వారం నుంచి ఆ సొంఠిముక్క ఎందుకు నములుతున్నావు?"

కస్తూరి నా వైపు చూసి తల ఊపింది. సొంఠి తీసి జేబులో వేసుకున్నాను.

"తాపీ పట్టుకున్నది నానే" అన్నాను. "పదహారేళ్ళోణ్ణి. పిల్ల ఏడుస్తుంటే తవిటమ్మ మేస్త్రి సంకనేసుకున్నాది. 'పట్టుకోరా సూరీడూ, దీనికీ ఒక సెయ్యి ఉన్నాది కదా, దీన్ని కూడా అడుగుదాం గోడ సల్లగుందో లేదో' అన్నాది. నువ్వు సెయ్యి పెట్టి, 'సల్ల' అన్నావు దమయంతమ్మా. అదే నువ్వన్నది. 'సల్ల.' ఆ తరవాత నాను పైపూత వేసి మూసేసినాను."

ఆమె కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అధ్యక్షురాలిలా నిలబడింది.

"ఒకటి చెబుతున్నాను, అందరూ వినండి. మా అమ్మ చెయ్యి దొరికిందని క్లాసు ఇవ్వడం లేదు. అలా ఇస్తే అది లంచం అవుతుంది. గోడ చూసి, అక్కడ లేని మనిషి ఉండాలని చెప్పిందే ఈ పిల్ల, వాల్వుల దగ్గర నాకు కావలసింది ఆ కన్నే. మీటలు తిప్పడం ఎవరికైనా నేర్పొచ్చు. వాల్వుల శిక్షణ మంగళవారం. ఈ క్లాసు ఈ క్లాసే. ఉంటుంది."

పిల్లలు అరిచిన అరుపుకి ముసుగు వెనక బీటల కన్ను కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

"గోడల మీద మాత్రం జేగురు చిమ్మొద్దు" అంది ఆమె. "కోళ్ళతో ఇంకోసారి నా వల్ల కాదు."

తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద కూర్చుని చెయ్యి చాపింది. "ఇంకా రెండు పూతలున్నాయి కదా. గీకుడు రేకు ఇలా ఇవ్వు, గౌరీశూ."

పేజీ 400. తేమ నలభై ఒకటి.

చివరి పేజీ. చిన్నగా రాస్తున్నాను.

మెట్లు గీకిన గోడ అలాగే ఉంచుతారు. దాని ముందు గాజుపలక వస్తుంది. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లకీ మొదటి పాఠం ఆ గదిలోనే. పాఠం పేరు పెట్టమని కస్తూరిని అడిగితే పిల్లల్ని అడగమంది, పిల్లలు ఇంకా కొట్టుకుంటున్నారు.

గోడలో పక్కభాగం, జేగురు పోవడానికి రాయిదాకా గీకేసినది, మళ్ళీ పూయాలి. యంత్రం వద్దంది పంచాయితీ. పద్దెనిమిదేళ్ళ తర్వాత నన్ను పిలిచారు! పూత నేనే కలిపాను. నడుము రెండుసార్లు పట్టుకుంది, చెప్పలేదు ఎవరికీ. పారమ్మ కనిపెట్టింది.

"డెబ్బై మూడేళ్ళ పెళ్ళికొడుకు" అంది. అంటూనే నీళ్ళ బకెట్టు అందించింది.

మొదటి చెయ్యి వేశాక పిల్లల్ని వరసగా రమ్మన్నాను. గోడను అడగమన్నాను, చల్లగా ఉందో వెచ్చగా ఉందో. ఒక్కొక్కరు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పారు. గౌరీశు తన చెయ్యి దగ్గర ఒకచోట వెచ్చగా ఉందన్నాడు. తీసి చూస్తే నిజంగానే లోపల గాలి బుడగ! కొట్టి మళ్ళీ పూశాను. వాణ్ణి ఎత్తుకుని తిప్పాలనిపించింది, నడుము ఒప్పుకోలేదు.

కస్తూరి కూడా చెయ్యి పెట్టింది. నా కూతురి చెయ్యి, నా గోడ మీద. దమయంతమ్మ చివర పెట్టింది, కుడిచెయ్యి. "చల్ల" అంది. నేను పైచెయ్యి వేసి అన్నీ మూసేశాను. ఇప్పుడు గోడ బూడిదరంగులో నున్నగా ఉంది, చూసేవాళ్ళకి ఏమీ లేనట్టే ఉంటుంది. చేతులు ఉన్నాయని మాకు తెలుసు.

ఎనిమిదో దారి, సామాన్ల గది. లోపలి గోడ.
చెయ్యి వేసినవారు: పిల్లలు ఇరవై ముగ్గురు, టీచరు ఇజ్జాడ కస్తూరి, అధ్యక్షురాలు మజ్జి దమయంతి.
పూత వేసినది: ఇజ్జాడ సూరీడు.
అందరూ చేతులు ఆనిస్తున్నంతసేపు తాపీ కింద పెట్టకుండా పట్టుకున్నది: నీలవేణి.
బీటలు లేవు.